ఈ కోర్ ఎవరిది?

1970ల మొదలు నుంచి 1990ల చివరి దాకా యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచిన కంప్యూటర్ గదుల్లో కొలువు చేసినవారికి ఒక నిత్యకృత్యం ఉండేది. డిస్కులోని ఏదో ఒక డైరెక్టరీలో 'కోర్' అన్న ఒక్క మాటే పేరుగా గల ఫైలు పడి ఉండేది. దాన్ని వదిలిపోయిన ప్రోగ్రాము ఏదో, దాన్ని నడిపిన మనిషి ఎవరో, నడుస్తూ నడుస్తూ అది ఎందుకు కూలిపోయిందో ఆ పేరు చెప్పేది కాదు గనుక, గుర్తు తెలియని శవం దొరికినప్పుడు ఊళ్లో పంచనామా జరిపినట్లు, ఉన్న ఆనవాళ్లను ఒక్కొక్కటే పోగుచేసి, ఒకదానితో ఒకటి సరిచూసి, చివరికి ఒక పేరు తేల్చవలసి వచ్చేది. ఆ విచారణ ఇప్పుడు యంత్రమే జరుపుకుంటుంది. దాని వెంట పెరిగిన పనితనం, దాన్ని చేసినవారి దినచర్య, వారి మధ్య నడిచిన మాటా మన్ననా దాదాపు కనుమరుగయ్యాయి.

కోర్ ఫైలు అంటే కూలిపోయిన క్షణాన ఒక ప్రోగ్రాము జ్ఞాపకశక్తిలో ఉన్నదంతా యథాతథంగా డిస్కు మీదికి దించిన ప్రతి. నడుస్తున్న ప్రోగ్రాము తనది కాని చిరునామాను ముట్టుకున్నా, ప్రాసెసర్‌కు అర్థం కాని ఆదేశాన్ని అందించినా, ప్రాసెసర్ వెంటనే కెర్నెల్‌కు, అంటే అన్ని ప్రోగ్రాముల పైనా అధికారం గల ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగానికి, ఆ సంగతి తెలియజేస్తుంది. కెర్నెల్ ఆ ప్రోగ్రాముకు ఒక సిగ్నల్ పంపి, దాన్ని ఆపివేసి, దాని జ్ఞాపకాన్ని ఫైలుగా రాస్తుంది. ఆనాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి ఫెరైట్‌తో చేసిన చిన్న చిన్న అయస్కాంత వలయాలతో కూడుకున్నది. జే ఫారెస్టర్ బృందం 1953లో ఎం.ఐ.టి.లోని వర్ల్‌విండ్ యంత్రంలో అమర్చిన ఆ వలయాలనే కోర్‌లనేవారు. సిలికాన్ చిప్పులు వచ్చి వలయాలు పోయినా ఫైలుకు ఆ పేరే మిగిలింది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రాసిన యునిక్స్ ప్రోగ్రామర్ల కరదీపిక తొలి ముద్రణ 1971 నవంబరు 3 నాటిది. కోర్ ఫైలు ఎలా ఉంటుందో చెప్పే పుట అందులోనే ఉంది. అంటే యునిక్స్ తన ప్రోగ్రాములు కూలిపోతాయని మొదటి రోజునే ఒప్పుకుని, కూలినప్పుడు ఏం మిగలాలో కూడా అప్పుడే నిర్ణయించుకుంది. 1979లో వెలువడిన ఏడవ ముద్రణ నాటికి ఈ ఏర్పాటు స్థిరపడింది. తొమ్మిది రకాల సిగ్నళ్లు కోర్ ఫైలును పుట్టించేవి. ఫైలులోని మొదటి 1024 బైట్లలో ఆ ప్రాసెస్ గురించి, అంటే నడుస్తున్న ప్రోగ్రాము గురించి, కెర్నెల్ దాచుకున్న స్వంత లెక్కలూ, కూలిన క్షణాన రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడుల్లో, ఉన్న విలువలూ ఉండేవి. ఆ తరువాత ప్రోగ్రాము దత్తాంశాలు, చిట్టచివర స్టాక్, అంటే ఏ ఉపకార్యం ఏ ఉపకార్యాన్ని పిలిచిందో వరుసగా పేర్చిపెట్టే జాగా, వచ్చేవి. పలువురు ఒకేసారి పంచుకుని నడిపే ప్రోగ్రాముల ఆదేశాలు మాత్రం ఆ ఫైలులో ఉండేవి కావు. వాటి కోసం అసలు ప్రోగ్రాము ఫైలును విడిగా వెతికి పట్టుకోవలసిందే. ఈ ఒక్క లోటు వల్లనే, ఏ ప్రోగ్రామో తెలియకుండా కోర్ ఫైలును చదవడం సగం చదువుగానే మిగిలిపోయేది.

అన్ని కోర్ ఫైళ్లకూ ఒకే పేరు పెట్టడం అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. ఆనాడు యునిక్స్ నడిచిన పీడీపీ-11 యంత్రానికి తగిలించే ఆర్‌కే05 డిస్కులో పట్టేది సుమారు 25 లక్షల బైట్లు. ఒక ప్రోగ్రాము చిరునామాల విస్తీర్ణం 64 కిలోబైట్లు కాబట్టి నిండు కోర్ ఫైళ్లు నలభై పడ్డాయంటే డిస్కులో వేరే దేనికీ చోటు ఉండదు. పేరు ఒకటే అయితే కొత్త కోర్ పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది, డైరెక్టరీకి ఒకటికి మించి మిగలదు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ప్రోగ్రాము రాసిన మనిషే టెర్మినల్ ముందు కూర్చుని దాన్ని నడుపుతాడని, 'మెమరీ ఫాల్ట్ - కోర్ డంప్డ్' అన్న సందేశం అతని కళ్లెదుటే అచ్చవుతుందని, అతను వెంటనే తన డైరెక్టరీలోనే ఉన్న ఆ ఫైలును తెరిచి చూసుకుంటాడని ఆ రూపకర్తలు భావించారు. తన చేతిలో కూలినదాని పేరు అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ భావన చెల్లినంత కాలం కోర్ ఎవరిదన్న ప్రశ్న పుట్టలేదు. ఒకే యంత్రాన్ని పదులమంది వాడుకోవడం, రాత్రివేళ గడియారం ప్రకారం వాటంతట అవే నడిచే పనులను క్రాన్ అనే ప్రోగ్రాముకు అప్పగించడం, ఉత్తరాలు చేరవేయడానికీ ముద్రణకూ తెర వెనుక ఎల్లవేళలా నడిచే డీమన్ ప్రోగ్రాములను పెట్టుకోవడం మొదలయ్యాక, కూలినదాని ఎదుట కూర్చున్న మనిషి లేకుండా పోయాడు. డీమన్లలో చాలావరకు పుట్టగానే మూల డైరెక్టరీకి వెళ్లి అక్కడి నుంచే పనిచేసేవి గనుక, వాటి కోర్ ఫైళ్లన్నీ ఆ మూలంలోనే, ఒకదాని మీద ఒకటి పడేవి. సోమవారం ఉదయం గదిలో అడుగుపెట్టిన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు మూల డైరెక్టరీలో కోర్ కనిపించిందంటే, శనివారం నుంచి ఆ యంత్రంలో నడిచిన ప్రతి డీమనూ అనుమానితమే.

విచారణ మొదట ఫైలు బయటి లక్షణాలతో మొదలయ్యేది. ఫైలు యజమాని ఎవరు, అది పుట్టిన తేదీ, వేళ ఏమిటి, దాని పరిమాణం ఎంత అన్న మూడు సంగతులను ఎల్ఎస్ ఆదేశం చెబుతుంది. యజమాని పేరు తెలిస్తే అనుమానితుల జాబితా తగ్గుతుంది, వేళ తెలిస్తే ఇంకా తగ్గుతుంది. రాత్రి సరిగ్గా రెండు గంటలకు పుట్టిన ఫైలైతే క్రాన్ పట్టికలో ఆ వేళకు ఏముందో చూస్తే చాలు. పరిమాణం కూడా సాక్ష్యమే, ఎందుకంటే పెద్ద పట్టికలతో పనిచేసే ప్రోగ్రామే పెద్ద కోర్‌ను వదులుతుంది. అనుభవమున్న అడ్మినిస్ట్రేటర్‌కు తన యంత్రంలోని ముఖ్య ప్రోగ్రాముల పరిమాణాలు దాదాపు కంఠతా వచ్చేవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో పెంచిన యునిక్స్ రూపంలో, అంటే బర్క్‌లీ యునిక్స్‌లో, లాస్ట్‌కామ్ అనే మరో ఆదేశం ఉండేది. యంత్రకాలానికి లెక్క కట్టడం కోసం కెర్నెల్ ప్రతి ప్రోగ్రాము ముగింపునూ ఒక చిట్టాలో నమోదు చేసేది. ఆ చిట్టాను లాస్ట్‌కామ్ చదివి వినిపిస్తూ, కోర్ వదిలి పోయిన ప్రోగ్రాము పేరు పక్కన 'డీ' అనే అక్షరం వేసేది. ఎవరి కాలానికి ఎంత ఖర్చో తేల్చడానికి పెట్టిన పద్దు పుస్తకం ఇలా మరణాల నమోదుగా కూడా అక్కరకు వచ్చింది. అయితే చిట్టా రాసే ఏర్పాటును ముందుగా నడిపించి ఉంచితేనే ఈ సాక్ష్యం దొరుకుతుంది. డిస్కు ఆదా కోసం దాన్ని ఆపివేసినచోట్ల ఈ దారి మూసుకుపోయేది.

అప్పుడు ఫైలు లోపలికి చూడవలసి వచ్చేది. 'ఫైల్' అనే ఆదేశం ఏ ఫైలునైనా తెరిచి, మొదటి బైట్లను పరీక్షించి, అది ఏ జాతిదో చెబుతుంది. ఈ ఆదేశాన్ని ఇయాన్ డార్విన్ 1980ల నడుమ అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా మొదటి నుంచి తిరగరాశాడు. కోర్ ఫైలును చూపిస్తే ఇది ఫలానా ప్రోగ్రాము వదిలిన కోర్ అని అది ఒక్క వరుసలో చెప్పగలిగేది. ఈ పేరును అది ఊహించి చెప్పేది కాదు. కెర్నెల్ తన లెక్కల్లో ప్రతి ప్రాసెస్‌కూ ఒక పొట్టి పేరు రాసుకునేది. ఏడవ ముద్రణ నాటి యునిక్స్‌లో ఫైలు పేర్లకు 14 అక్షరాల హద్దు ఉండేది కాబట్టి ఆ గడి కూడా 14 అక్షరాలదే. లైనక్స్‌లో ఈనాటికీ 15 అక్షరాలకు మించి ఆ పేరు నిలవదు. పొడవైన పేర్లు గల రెండు ప్రోగ్రాముల మొదటి అక్షరాలు ఒకటే అయితే ఏది కూలిందో ఆ గడి చెప్పలేదు; ఒక యంత్రంలో పుట్టిన కోర్‌ను వేరే తయారీ యంత్రానికి తీసుకుపోయి పరీక్షిస్తే 'ఫైల్' ఆదేశం దాన్ని కేవలం దత్తాంశమని తీసిపారేయడమూ ఉండేది.

బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన 'స్ట్రింగ్స్' అనే చిన్న ప్రోగ్రాము అటువంటి వేళల్లో ఆదుకునేది. అది ఏ ఫైలులోనైనా చదవదగిన అక్షరాలు నాలుగు గాని అంతకు మించి గాని వరుసగా ఉన్నచోట్లను ఏరి చూపుతుంది. దాని ఫలితాన్ని మొత్తం చదవడం కొత్తవారి పద్ధతి. తెలిసినవారు చివరి కొన్ని వరుసలే చూసేవారు. ప్రోగ్రాము మొదలైనప్పుడు దానికి ఇచ్చిన ఆదేశ వాక్యమూ, పరిసర చలరాశులూ, అంటే వాడుకరి పేరు, ఇంటి డైరెక్టరీ, టెర్మినల్ రకం వంటి వివరాలూ, స్టాక్ కొసన ఉంటాయి. స్టాక్ ఫైలులో చివర వస్తుంది. కాబట్టి ఆ కొసను చదివితే ఎవరు, ఎక్కడి నుంచి, ఏ మాటలతో ఆ ప్రోగ్రామును నడిపారో బయటపడేది. ఈ కిటుకు నేర్చుకున్నవాడికి జ్ఞాపకంలో స్టాక్ ఎక్కడ ఉంటుందో, ఆదేశ వాక్యం ప్రోగ్రాముకు ఎలా చేరుతుందో విడిగా పాఠం చెప్పనక్కరలేదు. ఈ సాక్ష్యం కూడా ఒక్కోసారి దారి తప్పించేది: ఉత్తరాలు చేరవేసే సెండ్‌మెయిల్ తాను ప్రస్తుతం ఏ పనిలో ఉన్నదో చూపించడానికి తన ఆదేశ వాక్యం మీదనే వేరే మాటలు రాసుకునేది.

ప్రోగ్రాము పేరు తేలాక డీబగ్గర్ వంతు వచ్చేది. డీబగ్గర్ అంటే ప్రోగ్రాము ఫైలునూ కోర్ ఫైలునూ పక్కపక్కన పెట్టుకుని, ఏ వరుస దగ్గర పని ఆగిపోయిందో చూపే పనిముట్టు. ఏడవ ముద్రణలో స్టీఫెన్ బోర్న్ రాసిన ఏడీబీ ఉండేది. ఏడీబీలో డాలరు గుర్తు పక్కన 'సీ' అని కొడితే పిలుపుల వరుస వచ్చేది. డాలరు పక్కన 'ఆర్' అంటే రిజిస్టర్లు వచ్చేవి. అది అంతకుమించి మాట్లాడేది కాదు, అడిగినవాడికి యంత్రభాష రావాలి. బర్క్‌లీలో మార్క్ లింటన్ రాసిన డీబీఎక్స్‌లో 'వేర్' అని అడిగితే మూల ప్రోగ్రాములోని వరుస సంఖ్యలతో సహా చెప్పేది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీడీబీ, తెరవగానే ఈ కోర్ ఫలానా ఆదేశం వల్ల పుట్టిందని మొదటి వరుసల్లోనే ప్రకటించేది. ఇచ్చిన ప్రోగ్రాము ఫైలు ఆ కోర్‌కు సరిపోలకపోతే హెచ్చరించేది. ఈ సరిపోలిక దగ్గరే చాలా విచారణలు విఫలమయ్యాయి. చోటు మిగలడం కోసం ప్రోగ్రాము ఫైలులోని పేర్ల పట్టికను స్ట్రిప్ అనే ఆదేశంతో తీసివేసేవారు, అప్పుడు డీబగ్గర్‌కు చిరునామాలే తప్ప పేర్లు దొరకవు. కోర్ పుట్టిన తరువాత ఎవరైనా ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేశారంటే డీబగ్గర్ చెప్పే వరుసలన్నీ అబద్ధాలే. అందుకే జాగ్రత్తపరులు వాడకంలోకి పంపిన ప్రతి ప్రోగ్రాముకూ పట్టిక తీయని ప్రతి ఒకటి టేపు మీద, తేదీ వేసి, బీరువాలో దాచేవారు.

కోర్ ఫైళ్లు వెల్లువలా వచ్చిపడిన కాలం ఒకటుంది. వ్యాక్స్ యంత్రాల మీది బర్క్‌లీ యునిక్స్‌లో సున్నా చిరునామాను చదవడం నేరం కాదు, అక్కడ సున్నాయే దొరికేది. దేన్నీ సూచించని పాయింటర్‌ను, అంటే సున్నా చిరునామాను పట్టుకున్న చలరాశిని, పొరపాటున వాడిన ప్రోగ్రాములు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోయాయి. 1980ల రెండో సగంలో ఆ ప్రోగ్రాములను సన్ వర్క్‌స్టేషన్లకు తరలించినప్పుడు, సున్నా చిరునామాను ముట్టుకోనివ్వని ఆ యంత్రాల మీద అవి వరుసగా కూలిపోయాయి. సరిసంఖ్య చిరునామాల దగ్గరే మొదలు కావలసిన అంకెలను బేసి చిరునామాలలో పెట్టినవి బస్ ఎర్రర్‌తో పోయాయి. ప్రపంచమంతా వ్యాక్సే అనుకోవద్దని హెన్రీ స్పెన్సర్ సీ ప్రోగ్రామర్లకు చెప్పిన ఆజ్ఞ ఈ అనుభవం నుంచి పుట్టింది. ఎన్నో ఏళ్లు నిర్దోషిగా చలామణి అయిన ప్రోగ్రాములోని తప్పును ఒక పరాయి యంత్రం మీది కోర్ ఫైలు పట్టి ఇవ్వడం ఈ వృత్తిలోని గొప్ప తృప్తులలో ఒకటి.

అంతకన్నా గంభీరమైన సాక్ష్యాన్ని కోర్ ఫైళ్లు 1988 నవంబరు 2 రాత్రి ఇచ్చాయి. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు ప్రోగ్రాము, వాడుకరుల వివరాలు చెప్పే ఫింగర్ డీమన్‌లోని లోపాన్ని ఆసరా చేసుకుని యంత్రాలలో జొరబడింది: 512 బైట్లు పట్టే చోటులోకి 536 బైట్లు పంపి, పొంగిన భాగంతో స్టాక్‌ను తిరగరాసేది. ఆ పొంగులోని ఆదేశాలు వ్యాక్స్ యంత్రాల కోసం రాసినవి. అవే బైట్లు సన్ యంత్రాన్ని చేరినప్పుడు జొరబాటు సాగక ఫింగర్ డీమన్ కూలిపోయి కోర్ వదిలిందని, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ స్పాఫర్డ్ ఆ పురుగును విశ్లేషిస్తూ రాసిన నివేదికలో పేర్కొన్నాడు. కాబట్టి ఆ రాత్రి సన్ యంత్రం మీద ఫింగర్ డీమన్ పేరిట దొరికిన కోర్ ఫైలు దొంగ వచ్చి తలుపు తట్టి పోయాడనడానికి ఆధారం. కోర్ ఎవరిదన్న ప్రశ్నను చిరాకు పడకుండా ప్రతిసారీ అడగవలసిన అవసరం ఏమిటో ఇంతకన్నా చక్కగా చూపే ఉదాహరణ కనబడదు.

ఈ పని చుట్టూ ఒక సంఘజీవనం కూడా ఉండేది. వారం దాటిన కోర్ ఫైళ్లను వెతికి తుడిచేసే వరుస ఒకటి చాలా యంత్రాల క్రాన్ పట్టికలో ఉండేది. తుడిచే ముందు యజమానికి 'రైట్' ఆదేశంతో ఒక మాట చెప్పడం మర్యాద. కోర్ అన్న పేరుతో తన ముఖ్యమైన ఫైలును దాచుకున్న అమాయకుడు ఒక తెల్లవారుజామున దాన్ని పోగొట్టుకోవడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన ప్రమాదం. కోర్ ఫైళ్లే వద్దనుకున్నవారు అదే పేరుతో ఒక ఖాళీ డైరెక్టరీని సృష్టించి ఉంచేవారు. ఆ పేరు గల మామూలు ఫైలు మీదనే కెర్నెల్ రాయగలదు కాబట్టి అది ఊరుకునేది. మరొకరి కోర్ ఫైలును తెరవడానికి అనుమతి అడగడం కూడా మర్యాదే, ఎందుకంటే కూలిన క్షణాన ఆ మనిషి రాస్తున్న ఉత్తరం, ఒక్కోసారి అతని సంకేతపదం, అందులో ఉండవచ్చు. ఈ మర్యాద ఒక్కటే కాపలా కాలేకపోయింది. అధిక అధికారంతో నడిచే ప్రోగ్రాములను కావాలని కూలదోసి, వాటి కోర్‌లలోంచి సంకేతపదాల గుప్తరూపాలను ఏరుకునే దాడులు 1990లలో బయటపడ్డాయి.

తెలుగువారికి ఈ లోకంతో పరిచయం ఎక్కువగా 1990లలోనే. రిజర్వు బ్యాంకు కోసం సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో నివేదిక ఇచ్చాక బ్యాంకు శాఖల్లోకి కంప్యూటర్లు రావడం మొదలైంది. వాటిలో యునిక్స్ కుటుంబపు యంత్రాలు గణనీయంగా ఉండేవి. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ సంస్థలు యునిక్స్‌నూ సీ భాషనూ జంటగా బోధించిన కాలమది. డాస్ మీద టర్బో సీతో చదువు మొదలుపెట్టిన విద్యార్థి, స్కాన్‌ఎఫ్ పిలుపులో చలరాశి ముందు ఆంపర్‌శాండ్ గుర్తు మరిచినా ప్రోగ్రాము ఏదో ఒక తప్పు జవాబుతో నడిచిపోవడానికి అలవాటు పడి ఉండేవాడు, ఎందుకంటే డాస్‌లో జ్ఞాపకానికి కాపలా లేదు. అదే ప్రోగ్రామును యునిక్స్ టెర్మినల్ మీద నడిపినప్పుడు 'సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్' అన్న వాక్యం ఎదురయ్యేది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రోగ్రామును మరొకదాని నుంచి కాపాడుతుందన్న సూత్రాన్ని ఎందరో ఆ వాక్యం నుంచే నేర్చుకున్నారు.

ఈ జీవనం పోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1993లో వచ్చిన 4.4 బీఎస్‌డీ అనే బర్క్‌లీ యునిక్స్ కోర్ ఫైలు పేరులోనే ప్రోగ్రాము పేరును చేర్చింది. సోలారిస్‌లో కోర్ఎడీఎం ఆదేశం, లైనక్స్‌లో కోర్ ప్యాటర్న్ అమరిక వచ్చాక ప్రోగ్రాము పేరు, ప్రాసెస్ సంఖ్య, కాలం వంటివన్నీ ఫైలు పేరులో ఇమిడిపోయాయి. 2006లో విడుదలైన లైనక్స్ 2.6.19 నుంచి కెర్నెల్ కోర్‌ను ఫైలుగా రాయకుండా నేరుగా వేరొక ప్రోగ్రాముకు అప్పగించగలిగింది. సిస్టమ్‌డీ వంటివి దాన్ని అందుకుని, కుదించి, ఒకే చోట భద్రపరచి, అడిగితే పట్టిక వేసి చూపుతున్నాయి. అనేక వ్యవస్థల్లో కోర్ పరిమాణానికి సున్నా హద్దు పెట్టడం మామూలైంది. కంటైనర్లనే తాత్కాలిక ఆవరణల్లో నడిచే ప్రోగ్రాము కూలితే దాని డైరెక్టరీ కూడా తరచు దానితోపాటే మాయమవుతుంది. సామాన్య వాడుకరి యంత్రంలో ఏదైనా కూలిందంటే దాని వివరాలు తయారీదారు సర్వర్లకు వెళ్లిపోతాయి, యంత్రం యజమాని చూసేది ఒక క్షమాపణ వాక్యం మాత్రమే.

పాత పద్ధతి తిరిగి రావాలని కోరడం న్యాయం కాదు. మూల డైరెక్టరీలో ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయిన కోర్‌లతో ఎన్ని తప్పులు దొరక్కుండా పోయాయో, ఎందరి రహస్యాలు బయట పడి ఉండేవో ఆ పని చేసినవారికే బాగా తెలుసు. కానీ పేరు లేని ఫైలుకు పేరు వెతికే క్రమంలో ఒక మనిషి డిస్కు, స్టాక్, సిగ్నల్, కెర్నెల్ చిట్టా, కంపైలర్ అన్నింటినీ ఒకే పని కోసం చేతబట్టవలసి వచ్చేది. ఆ చదువును పట్టికలో పేరు చూపించే పనిముట్టు ఇవ్వలేదు, ఇప్పటి పాఠ్యక్రమాలు కూడా ఇవ్వడం లేదు. కరదీపికల్లో ఫైలు ఆకృతి మాత్రమే నిలిచింది. స్ట్రింగ్స్ ఫలితంలో చివరి వరుసలే చూడాలన్నదీ, పట్టిక తీయని ప్రతిని బీరువాలో దాచాలన్నదీ ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరిన విద్య. బ్యాంకు శాఖల్లో, విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో, విదేశాల్లోని కంప్యూటర్ గదుల్లో ఆ యంత్రాలను సాకిన తెలుగువారిలో చాలామంది ఇప్పుడు పదవీ విరమణ చేశారు, చేయబోతున్నారు. వారు తమ యంత్రాల పేర్లు, తాము కనిపెట్టుకున్న కిటుకులు, తమకు నేర్పినవారి పద్ధతులు తెలుగులోనే రాసిపెట్టాలి. అటువంటివారు ఇంట్లో ఉన్న పాఠకులు దగ్గర కూర్చుని రాయించాలి.